యూకే నర్స్ జాబ్ ఏజెన్సీ, మూడేళ్ళ తర్వాత నా రివ్యూ (5 కి 3)

ఏజెన్సీ పేరు ఇక్కడ పెట్టట్లేదు, ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది, 2022లో నన్ను ఇంగ్లండ్‌లో ఒక ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి గవర్నమెంటు వైద్య సేవ) హాస్పిటల్‌కి పంపింది వాళ్ళే. అంతకుముందు విజయవాడలో నాలుగేళ్ళు మెడికల్ వార్డులో చేశా, మానేసేటప్పటికి చేతికి 19 వేలు వచ్చేవి.

ముందు మంచి చెప్తా. నా దగ్గర ఒక్క రూపాయి ఫీజు తీసుకోలేదు. అసలు యూకే రూల్ అదే, ఏజెన్సీకి డబ్బులిచ్చేది హాస్పిటల్, నర్సు దగ్గర అడగకూడదు. ఎవరైనా లక్షల్లో అడిగితే అక్కడే లేచి వచ్చెయ్యండి సిస్టర్స్. నాతో బీఎస్సీ చదివిన అమ్మాయి ఇంకోచోట 5 లక్షలు కట్టింది, వాళ్ళమ్మ గొలుసు తాకట్టు పెట్టి మరీ, తల్చుకుంటే ఇప్పటికీ కడుపు రగులుద్ది. ఓఈటీ (వైద్య రంగం వాళ్ళు రాసే ఇంగ్లీష్ పరీక్ష) ఫీజు మాత్రం నాదే, రైటింగ్‌లో పోయి రెండోసారి రాశా. ఫ్లైట్ టికెట్, మొదటి నెల రూమ్, ఓస్కీ పరీక్షకి (అక్కడ నర్సుగా రిజిస్టర్ అవ్వడానికి పెట్టే ప్రాక్టికల్) 794 పౌండ్లు అన్నీ హాస్పిటలే పెట్టుకుంది.

జీతం దగ్గర సగమే చెప్పారు. ఇంటర్వ్యూ రోజు ఏడాదికి 27 వేల పౌండ్లు అనగానే అందరం ఫోన్లు తీసి వందతో గుణించేసుకున్నాం. అబద్ధం కాదు, అప్పటి బ్యాండ్ 5 (రిజిస్టర్ అయిన నర్సు మొదలయ్యే జీతం గ్రేడు) మొదటి జీతం 27,055. కానీ ఓస్కీ పాసై ఎన్‌ఎంసీ (అక్కడి నర్సింగ్ కౌన్సిల్) రిజిస్ట్రేషన్ నంబర్, అంటే పిన్, వచ్చేదాకా మాకు కింది బ్యాండ్ జీతమే ఇచ్చారు, నాలుగేళ్ళ ఎక్స్‌పీరియన్స్‌కి పైసా కలవలేదు. 2025-26లో ఆ మొదటి జీతం 31,049 పౌండ్లు, టాక్స్, నేషనల్ ఇన్సూరెన్స్, పెన్షన్ పోను నెలకి చేతికొచ్చేది 2 వేలకి కాస్త అటూఇటూగా ఉంటది, అందులో నా రూమ్ రెంటే 600. నైట్ డ్యూటీకి 30 శాతం, ఆదివారాలకి 60 శాతం ఎక్కువ ఇస్తారు కాబట్టి ఇంటికి పంపే డబ్బు అక్కడినుంచే తీస్తున్నా.

డ్యూటీ వారానికి 37.5 గంటలు, షిఫ్ట్ పన్నెండున్నర గంటలు, బ్రేక్‌కి జీతం ఉండదు. లీవులు ఏడాదికి 27 రోజులు, పండగలు 8 వేరే. విజయవాడలో డబుల్ డ్యూటీ చేసినా అడిగే దిక్కు లేదు, ఇక్కడ ఎక్స్‌ట్రా చేస్తే ప్రతి గంటకీ లెక్క ఉంటది, దానికి దణ్ణం పెట్టాలి. కాకపోతే పేషెంట్ పక్కన చుట్టాలు ఉండరు, ఒళ్ళు తుడవడం దగ్గర్నుంచి తినిపించడం దాకా మనం, హెల్త్‌కేర్ అసిస్టెంట్లే చూసుకోవాలి, మొదటి మూడు నెలలు నడుం పట్టేసింది.

రెండు స్టార్లు ఎందుకు తగ్గించానంటే, కాంట్రాక్ట్‌లో మూడేళ్ళ లోపు మానేస్తే మనమీద పెట్టిన ఖర్చు తిరిగి కట్టాలని ఒక పేరా ఉంది, సంతకాల రోజు ఏజెన్సీవాళ్ళు అన్నీ గబగబా తిప్పేశారు గానీ దాని ఊసే ఎత్తలేదు. నాతో వచ్చిన ఒకమ్మాయి వాళ్ళ నాన్నకి సీరియస్ అయి 14వ నెలలో ఇంటికెళ్ళిపోతే 2 వేల పౌండ్ల పైన కట్టమని లెటర్ వచ్చింది. ఏజెన్సీకి ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదు. సంతకం పెట్టకముందే ఆ పేరా ఎక్కడుందో చూపించమనండి, ఏ నెలలో మానేస్తే ఎంత కట్టాలో మెయిల్‌లో రాయించుకోండి. ఆ అమ్మాయి తరఫున చివరికి యూనియన్ వాళ్ళు మాట్లాడితే నెలకి 100 పౌండ్ల చొప్పున కట్టుకోడానికి ఒప్పుకున్నారు, ఇప్పటికీ కడుతూనే ఉంది.