బీడు (పోత ఇనుము) బ్లాకు పగులుకు నికెల్ రాడ్డు: 99 రకమా, 55 రకమా?

మాస్సీ 1035, మహీంద్రా బి-275 లాంటి పాత ట్రాక్టర్ల ఇంజన్ బ్లాకు నీటి జాకెట్ (చల్లబరిచే నీళ్లు తిరిగే గోడల మధ్య ఖాళీ) దగ్గర పగిలితే, వెల్డింగ్ షాపులో ముందుగా చెప్పేది మామూలు రాడ్డుతో అతికేద్దామనే. ఒప్పుకోవద్దు. ఆ రాడ్డు బీడులోని కార్బన్‌ను లాక్కుని గాజులా పెళుసైపోతుంది. చల్లారుతుండగానే అతుకు పక్కన టిక్‌మని కొత్త పగులు పుడుతుంది. నికెల్ అతుకు మెత్తగా ఉండి, చల్లారేటప్పుడు వచ్చే లాగుడుకు కాస్త సాగుతుంది. దాని ధర మామూలు రాడ్డుకు ఎన్నో రెట్లు ఉన్నా కొనేది ఇందుకే.

దుకాణాల్లో రెండు రకాలు దొరుకుతాయి. 99 రకం దాదాపు పూర్తి నికెల్. అతికిన చోట ఆకురాయి పడుతుంది, డ్రిల్ దిగుతుంది. బ్లాకు, హెడ్డు వంటి పల్చటి గోడలకు ఇదే మేలు. 55 రకంలో సగానికి కాస్త ఎక్కువ నికెల్, మిగతాది ఎక్కువగా ఇనుము. బలం ఎక్కువ, ధర తక్కువ, గేర్‌బాక్స్, యాక్సిల్ హౌసింగ్ లాంటి మందపాటి బీడుకు బాగా పనికొస్తుంది. నీటి జాకెట్ పనికి మా మార్కులు 99కి అయిదింట నాలుగు, 55కి మూడు.

ఒక మార్కు తగ్గించింది రాడ్డు ఓపిక అడుగుతుంది కాబట్టి. పగులు ఎక్కడ ఆగిందో ముందు తేలాలి. కిరసనాయిలు రాసి, శుభ్రంగా తుడిచి, సుద్దపొడి చల్లితే గీత తడిగా బయటపడుతుంది. కంటికి కనిపించే దానికన్నా అది ఎప్పుడూ పొడవే. రెండు చివర్లకూ కాస్త అవతల 3 ఎం.ఎం. రంధ్రం వేయాలి, లేకపోతే వేడికి పగులు ముందుకు పాకుతుంది. తర్వాత గోడ మందంలో మూడింట రెండు వంతుల లోతున, 60–70 డిగ్రీల కోణంతో V ఆకారపు గాడి తీయాలి. ఏళ్ల తరబడి ఆయిల్ పీల్చిన బీడైతే గ్యాస్ మంటతో పొగ ఆగేదాకా కాల్చి తుడవాలి. అప్పటికీ మొదటి అతుకులో సూది బెజ్జాలు వస్తే, దాన్ని గ్రైండ్ చేసి పారేసి మళ్లీ వేయడమే. పైనుంచి ఇంకో పొర వేసి కప్పెట్టడం వృథా.

2.5 ఎం.ఎం. రాడ్డుకు 60–80 ఆంపియర్లు చాలు. ఒకసారికి 25 ఎం.ఎం. మించి లాగకూడదు. అతుకు ఎర్రగా ఉండగానే గుండ్రటి తల సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేస్తే లాగుడు తగ్గుతుంది. చెయ్యి ఆనించగలిగేంత చల్లారాకే తర్వాతి ముక్క, అదీ పక్కనే కాకుండా కొంచెం దూరంగా. పది సెంటీమీటర్ల పగులు అరగంటలో అయిపోయిందంటే బ్లాకును ఎక్కువ వేడి చేశారన్నమాటే. త్వరగా చల్లార్చడానికి నీళ్లు చల్లేవాళ్లకు బండి ఇవ్వకండి.

వాల్వు సీట్ల మధ్య పగులు, బోరులోకి (పిస్టన్ ఆడే గొట్టం) దిగిన పగులు ఈ రాడ్డుతో తేలవు. అక్కడ వేడి లేకుండా మరలు ఒకదాని మీద ఒకటి ఎక్కేలా బిగించే స్టిచింగ్ పని చేయించాలి. ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్‌కు ఇత్తడి అతుకు వద్దు, ఆ వేడికి దాని బలం పోతుంది. ఎపాక్సీ పుట్టీ నీటి జాకెట్ బయటి గోడ మీద సన్నటి చెమ్మను ఆపుతుంది, అంతవరకే.

పని అయ్యాక జాకెట్ దారులకు పలకలు బిగించి, రెండు బార్ల గాలి ఎక్కించి, సబ్బు నీళ్లు పూసి చూపించమనండి. రేడియేటర్‌లో మామూలుగా ఉండే ఒత్తిడికి అది ఎక్కువే, బుడగ రాకపోతే చాలు. వేడెక్కిన ఇంజన్‌లో చల్లటి నీళ్లు పోయడం వల్ల పగిలినదైతే, జాకెట్‌లో పేరుకున్న గార కూడా కడిగించాలి. లేకపోతే అతుకు నిలిచినా ఇంజన్ మళ్లీ కాగుతుంది.

రాడ్లు విడిగా కొంటే పూత చెమ్మగా లేదని, పెచ్చులూడలేదని చూసుకోండి. తేమ పట్టిన పూత వల్ల కూడా బెజ్జాలు పడతాయి.