చికాగోలో బేస్‌బాల్ మ్యాచ్: రిగ్లీ ఫీల్డ్ మేలా, సాక్స్ పార్క్ మేలా?

వేసవిలో చికాగో శివార్లలోని నేపర్‌విల్‌కో షాంబర్గ్‌కో అమ్మానాన్నలు వస్తారు. అరోరా బాలాజీ గుడి, నయాగరా అయ్యాక నాన్నగారు "ఆ బేస్‌బాల్ ఏంటో ఒకసారి చూద్దాంరా" అంటారు. చికాగోలో జట్లు రెండు. రెండు స్టేడియాలూ రెడ్ లైన్ రైలు మీదే ఉన్నాయి. ఉత్తరాన అడిసన్ (Addison) స్టేషన్‌లో దిగితే కబ్స్ ఆడే రిగ్లీ, దక్షిణాన 35వ వీధిలో దిగితే వైట్ సాక్స్ ఆడే రేట్ ఫీల్డ్. దానికి పేర్లు మారుతూనే ఉంటాయి కాబట్టి సాక్స్ పార్క్ అనేస్తే గొడవ లేదు.

నా లెక్క ఇది: ఆట రానివాళ్లని రిగ్లీకి, ఆట రుచి తగిలినవాళ్లని సాక్స్ పార్క్‌కి తీసుకెళ్లాలి.

రిగ్లీ 1914 నాటిది. ఆట అర్థం కాకపోయినా చూడ్డానికి బోలెడుంది. మైదానం చివర ఇటుక గోడ నిండా ఐవీ తీగ. 1937లో నాటారు. ఏప్రిల్‌లో వెళ్తే ఎండు పుల్లలే కనిపిస్తాయి, జూన్‌కల్లా గోడంతా పచ్చబడుతుంది. బంతి వెళ్లి ఆ ఆకుల్లో ఇరుక్కుంటే ఫీల్డర్ వెతకడు, రెండు చేతులూ పైకెత్తి నిలబడతాడు. బ్యాటర్‌కి రెండు బేస్‌లు (పరుగు తీస్తూ వరసగా చేరాల్సిన మజిలీలు) ఇచ్చేస్తారు. మన క్రికెట్ పెద్దలకి ఇది చెప్తే చాలు, మిగతా రూల్స్ వాళ్లే అడుగుతారు. స్కోరుబోర్డులో ఇప్పటికీ మనుషులు కూర్చుని అంకెల పలకలు చేత్తో మారుస్తారు. ఇక్కడ ఫ్లడ్‌లైట్లు వచ్చిందే 1988లో. నేటికీ పగటి మ్యాచ్‌లు ఎక్కువే, పెద్దవాళ్లకి అదే హాయి.

చిక్కులూ ఉన్నాయి. పై అంతస్తుని మోసే స్తంభాలు కొన్ని సీట్లకి సరిగ్గా అడ్డొస్తాయి. చవగ్గా వస్తోందని టికెట్ కొనేముందు అది చూసుకోండి. పార్కింగ్ సంగతి మర్చిపోండి, రైలే దిక్కు.

సాక్స్ పార్క్ 1991లో కట్టారు. ఆ మరుసటి ఏడాదే బాల్టిమోర్‌లో పాతకాలపు అందంతో కొత్త స్టేడియం వచ్చి, పాపం దీన్ని పాత మోడల్ చేసేసింది. అయినా ఆట చూడ్డానికి బాగుంటుంది. స్తంభాల అడ్డు లేదు. హైవే పక్కనే, చుట్టూ పార్కింగ్ స్థలాలు. పిల్లలతో కారులో వెళ్లేవాళ్లకి టెన్షన్ ఉండదు. పై అంతస్తు మాత్రం బాగా ఏటవాలు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కింద సీట్లే తీసుకోండి. తిండిలో ఎలోటే వదలొద్దు: కప్పులో వేడి మొక్కజొన్న గింజలు, వెన్న, చీజ్, కారం, నిమ్మరసం. గుడ్డు తిననివాళ్లు మేయొనైజ్ వద్దని ముందే చెప్పాలి.

టికెట్ ధరలో సాక్స్ పార్క్‌కి పోటీయే లేదు. కబ్స్ 2016లో 108 ఏళ్ల తర్వాత కప్పు కొట్టినప్పటి మోజు ఇంకా తగ్గలేదు. సాక్స్ 2005లో 88 ఏళ్ల కరువు తీర్చినా ఎవరూ అంతగా చెప్పుకోరు, పైగా 2024లో 121 మ్యాచ్‌లు ఓడారు. అందుకే అక్కడ మంచి సీటు తక్కువలో దొరుకుతుంది. ఈ రెండు జట్లూ తలపడే రోజున మాత్రం ఆ లెక్క చెల్లదు, టికెట్ ముందే కొనుక్కోండి.