చొక్కా కింద మనీ బెల్టు: ఆరేళ్ల తర్వాత

మొదటిసారి విదేశం వెళ్లేవాళ్లు "ఏం కొనుక్కోవాలి?" అని అడిగితే, చాలాకాలం నా నోటివెంట వచ్చిన మొదటి మాట మనీ బెల్టు. చొక్కా కింద, చర్మానికి ఆనుకునేలా నడుముకు కట్టుకునే పల్చటి గుడ్డ సంచి. ఇప్పటికీ అదే చెబుతాను. కాకపోతే ఇప్పుడు చెప్పేటప్పుడు వెనకాల రెండు మూడు "కానీ"లు తగిలిస్తున్నాను. ఆరేళ్లు, పదకొండు ప్రయాణాలు, ఒకటే బెల్టు. ఆ మాత్రం అనుభవంతో రాస్తున్నాను.

ఎన్ని జిప్పులు, ఏ రంగు లాంటివన్నీ అమ్మేవాళ్లే చెబుతారు. నాకు దాని మీద ప్రేమ పుట్టింది ఒకే ఒక్క గుణం వల్ల. కట్టుకున్న పావుగంటకల్లా అది ఉన్న సంగతే మర్చిపోతాం. నా మొదటి ప్రయాణంలో టెన్షన్ అంతా ప్యాంటు జేబు చుట్టూనే తిరిగింది. నిమిషానికోసారి చెయ్యి అటే పోయేది. అలా తడుముకునే మనిషిని చూస్తే ఏ జేబులో ఏముందో దొంగకి వేరే చెప్పాలా? రెండో ప్రయాణానికి బెల్టు కొన్నాక ఆ రోగం కుదిరింది. కిక్కిరిసిన మెట్రోలో నిలబడ్డా, రాత్రి బస్సులో నిద్రపోయినా చెయ్యి జేబు వైపు పోలేదు. ఒకసారి రద్దీలో వీపు మీది బ్యాగు పై జిప్పు ఎవరో లాగేశారు. పోయినవి ఒక గొడుగు, సగం వాడిన టిష్యూ ప్యాకెట్. ఆ రాత్రి బెల్టు విప్పి మంచం మీద పెట్టి, మనిషిని చూసినట్టు చూశాను.

లోపల ఒక మెరిసే పొర ఉంది. దూరం నుంచి ఎవరూ కార్డు వివరాలు దొంగిలించకుండా అది ఆపుతుందట. దానికోసమే కాస్త ఎక్కువ పెట్టి కొన్నాను. ఇప్పుడైతే పెట్టను. తాకిస్తే డబ్బు వెళ్లిపోయే కార్డులు పనిచేసేది కొద్ది సెంటీమీటర్ల దూరంలోనే. చిప్ ఉన్న పాస్‌పోర్టు అయితే, ఫొటో పేజీ అడుగున అచ్చేసిన ఆ రెండు వరుసల అక్షరాలు, అంకెలు యంత్రం ముందుగా చదివితే గాని చిప్ నోరు విప్పదు. మూసి ఉన్న పుస్తకం లోంచి వివరాలు లాగడం అంత తేలిక కాదు. ఆ పొర వల్ల నాకు ఒరిగిందల్లా నడుం దగ్గర ఇంకాస్త ఉక్కపోత.

చెమట సంగతి ఎవరూ చెప్పరు. నేను కూడా మొదటి రెండేళ్లు ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే వెళ్లినవన్నీ చలి దేశాలు. వేడి, తేమ ఉన్నచోట మూడు రోజులు తిరిగేసరికి అసలు రంగు బయటపడింది. రంగంటే నిజంగానే రంగు. జీన్స్ నీలం దిగి, మడత పెట్టిన డాలర్ నోట్ల అంచులకి పట్టింది. డాలర్ నోటు మనం అనుకునే మామూలు కాగితం కాదు. 75 శాతం పత్తి, 25 శాతం లినెన్. నీళ్లకి చిరిగిపోదు గాని గుడ్డలాగే మరకని పట్టుకుంటుంది. డబ్బు మార్చే కౌంటర్లో అతను నోటుని దీపం వెలుగులో అటూ ఇటూ తిప్పి, ఏమీ మాట్లాడకుండా అద్దం కిందనుంచి వెనక్కి తోశాడు. రెండో కౌంటర్లోనూ అంతే. చిరిగినవి, గీతలున్నవి, మరకలు పడ్డవి చాలాచోట్ల తీసుకోరని నాకు అప్పుడే తెలిసింది. ప్లాస్టిక్ పొరలాంటి పాలిమర్ నోట్లున్న దేశాలకి వెళితే అక్కడి నోట్లకి ఈ బాధ లేదు.

ఇన్సూరెన్స్ కాగితం ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్ మీద తీసింది. పాలసీ నంబరు చివరి నాలుగంకెలు అలుక్కుపోయాయి. బోర్డింగ్ పాసులు, ఏటీఎం రశీదులు వేడికి నల్లబడే కాగితమే కాబట్టి వాటి గురించి చెప్పక్కర్లేదు. నన్ను నిజంగా భయపెట్టింది ఎల్లో ఫీవర్ టీకా పుస్తకం, ఆ టీకా వేయించుకున్నామని కొన్ని దేశాల్లో చూపించాల్సిన రుజువు. అది టీకా వేయించుకున్న పదో రోజు నుంచి చెల్లుతుంది. 2016 జూలై నుంచి అది జీవితాంతం చెల్లేలా నిబంధన మార్చారు. జీవితాంతం దాచుకోవాల్సిన పుస్తకాన్ని నేను చెమటలో నానబెట్టాను! డాక్టరు సంతకం నీలి మబ్బులా పాకింది. దిద్దుబాట్లు, చెరిపివేతలు ఉంటే చెల్లకపోవచ్చని ఆ పుస్తకంలోనే అచ్చేసి ఉంటుంది. ఇమ్మిగ్రేషన్ అధికారి దాన్ని చాలాసేపు చూశాడు. నా మొహం కూడా చూశాడు. చివరికి వదిలేశాడు.

అప్పట్నుంచి అన్నీ జిప్‌లాక్ కవర్లో పెట్టి, ఆ కవరుని బెల్టులో పెడుతున్నాను. కాగితాలు బాగున్నాయి, నడుం చుట్టూ చెమటకాయలు వచ్చాయి. రోజూ రాత్రి బెల్టుని సబ్బునీళ్లలో జాడించి ఆరేస్తే తగ్గాయి గాని, పొద్దున్నే ఆరని బెల్టు కట్టుకోవడం ఏమంత సుఖం కాదు. ఇంకో సంగతి. మాత్రలు మాత్రం ఇందులో పెట్టకండి. చాలా మందుల మీద 25 లేదా 30 డిగ్రీల లోపు ఉంచమని రాసి ఉంటుంది, బట్టల కింద ఒంటి వేడి అంతకంటే ఎక్కువే. వాటిని స్ట్రిప్పుతో సహా, డాక్టరు చీటీతో కలిపి చేతి సంచిలో ఉంచుకుంటే సెక్యూరిటీ దగ్గర అడిగినా చూపించవచ్చు.

ఇక అసలు కథ. నాలుగో ఏడు, నాన్నతో వెళ్లిన ప్రయాణం. ఆయనకి విమానమే కొత్త. నేనేమో అనుభవజ్ఞుణ్ణి. బయల్దేరే ముందు ఆయన పాస్‌పోర్టు కూడా నా బెల్టులో పెట్టేస్తానన్నాను. ఆయన ఒప్పుకోలేదు. చొక్కా లోపలివైపు జేబు కుట్టించుకుని, దానికి పిన్నీసు పెట్టుకున్నారు.

"నీదంతా ఒకటే మూట కట్టి మోస్తున్నావురా. ఆ మూటే పోతే?"

"నడుముకున్నది ఎలా పోతుంది నాన్నా?" అన్నాను.

మధ్యలో విమానం మారాలి. అర్ధరాత్రి దాటింది, మళ్లీ సెక్యూరిటీ చెక్. చేతులు పైకెత్తి నిలబడే స్కానర్‌లోంచి బయటికొచ్చాను. తెర మీద మనిషి బొమ్మకి నడుం దగ్గర పసుపు చతురస్రం వెలిగింది. గుడ్డయినా, కాగితమైనా ఆ యంత్రానికి బట్టల కింద ఏదున్నా లెక్కే. విప్పమన్నారు. విప్పాను. దాన్ని ట్రేలో వేసి ఎక్స్‌రేకి పంపారు, నన్ను మళ్లీ స్కానర్‌లోకి పంపారు. ఇవతల నా ట్రేలు అప్పటికే మూడు వచ్చి ఉన్నాయి. ల్యాప్‌టాప్, బూట్లు, బ్యాగు. వెనక జనం తోసుకొస్తున్నారు, నాన్న తన ప్యాంటు బెల్టు ఎక్కించుకోలేక అవస్థ పడుతున్నారు. ఆయన్ని చూసుకుంటూ, బూట్ల లేసులు కూడా కట్టుకోకుండా పక్కకి వచ్చేశాను. నాలుగో ట్రే గుర్తే లేదు.

యాభై నిమిషాలు గడిచాయి. నన్ను ఇప్పటికీ వదలని విషయం ఏమిటంటే, ఆ యాభై నిమిషాలూ బెల్టు నడుముకే ఉన్నట్టు అనిపించింది. ఎలాస్టిక్ నొక్కుకున్న గాడి చర్మం మీద అలాగే ఉంది కదా! కట్టుకున్న సంగతి మర్చిపోవడానికి అలవాటుపడ్డ ఒంటికి, కట్టుకోలేదన్న సంగతి కూడా తెలియలేదు. గేటు దగ్గర పాస్‌పోర్టు చేత్తో పట్టుకోమని ప్రకటించినప్పుడు చొక్కా కిందికి చెయ్యి పోనిచ్చాను. వేళ్లకి పొట్ట తగిలింది.

గేటు సిబ్బంది సెక్యూరిటీకి ఫోన్ చేశారు. పక్కనున్న ప్రయాణికుడొకరు మంచిమాటగానే, వెంటనే ఎంబసీకి ఫోన్ చేసి పాస్‌పోర్టు పోయిందని చెప్పెయ్యమన్నారు. నేను ఫోన్ తీశాను కూడా. నాన్న నా చెయ్యి పట్టుకుని, "ముందు వెతకరా" అన్నారు. ఆయనకి నిబంధనలేం తెలియవు, కానీ ఆ మాటే నన్ను కాపాడింది. పాస్‌పోర్టు పోయిందని ఒకసారి నమోదు చేస్తే సాధారణంగా అది రద్దయిపోతుంది. 2002 నుంచి ఇంటర్‌పోల్ నడుపుతున్న పోయిన పత్రాల డేటాబేస్‌లోకి కూడా ఆ నంబరు వెళ్లవచ్చు. అయిదు నిమిషాల తర్వాత అదే పుస్తకం చేతికి దొరికినా దాంతో ప్రయాణం చేయలేం. నిజంగా పోతే మాత్రం ఆలస్యం చేయకూడదు, అది వేరే సంగతి. ముందు అడుగులు వెనక్కి వేసి చూసుకోవాలి.

బెల్టు దొరికింది, సెక్యూరిటీ డెస్కులో ఉంది. కానీ అది నాదే అనడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. గుర్తింపు పత్రం, కార్డులు, ఆఖరికి ఇన్సూరెన్స్ కాగితం కూడా ఆ బెల్టులోనే ఉన్నాయి. ఫోన్‌లో ఫొటో ఉందా అంటే, ఇంట్లోనే తీయాలనుకుని తీయలేదు. అప్పుడు గుర్తొచ్చింది, బయల్దేరే రోజు నాన్నకి గొప్పగా పాఠం చెబుతూ నా పాస్‌పోర్టు జిరాక్సు ఒకటి ఆయన సంచిలో, ఆయనది ఒకటి నా సంచిలో పెట్టాను. నాలుగు మడతలు పెట్టిన ఆ కాగితాన్ని నాన్న అడుగునుంచి వెతికి తీశారు. అధికారి ఫొటో చూశాడు, నన్ను చూశాడు, నోట్లు లెక్కపెట్టి సంతకం పెట్టించుకున్నాడు. గేటు మూసే ముందు ఎక్కిన చివరి ఇద్దరం మేమే. నాన్న ఒక్కమాట అనలేదు. పిన్నీసు సర్దుకుని కళ్లు మూసుకున్నారు. నాకైతే తిట్టినా బాగుండేది అనిపించింది.

అప్పట్నుంచి వాడకం మారింది. సెక్యూరిటీ వరుసలో నిలబడకముందే బెల్టు విప్పి చేతి సంచిలో వేసి జిప్పు పెడతాను. బెల్టులో రోజూ ఉండేవి ఒక కార్డు, కొన్ని నోట్లు. రెండో కార్డు పెద్ద సూట్‌కేసులో, ఆ రోజు ఖర్చుకి కావలసింది మామూలు జేబులో. వీధిలో, ఏటీఎం ముందు చొక్కా ఎత్తి బెల్టు తెరవడమంటే దాచుకున్న చోటు చాటింపు వేయడమే. కార్డు వాడకం గురించి, బెల్టుతో సంబంధం లేకపోయినా, ఒక మాట. మెషీన్ "మీ దేశపు కరెన్సీలోనా, ఇక్కడి కరెన్సీలోనా" అని అడిగితే ఇక్కడిదే నొక్కండి. మనది నొక్కితే మారకపు రేటు ఆ మెషీన్ తరఫువాళ్లు వేసిందే అవుతుంది, దాదాపు ఎప్పుడూ మనకి నష్టమే. పాస్‌పోర్టు అయితే ఊరు మారే రోజున బెల్టులో, మిగతా రోజుల్లో గదిలోని లాకర్లో. అయితే ఒంటి మీద పాస్‌పోర్టు తప్పకుండా ఉండాలనే దేశాలూ ఉన్నాయి, వెళ్లేముందు కనుక్కోండి.

కాబట్టి కొనమంటానా? ఒంటరిగా తిరిగేవాళ్లకి, రాత్రి బస్సులు, రైళ్లు ఎక్కేవాళ్లకి, చలి ప్రదేశాలకి వెళ్లేవాళ్లకి నిక్షేపంలా పనికొస్తుంది. ఎండల్లో రోజంతా నడిచేవాళ్లకి, చర్మం త్వరగా కందేవాళ్లకి, ఒంటికి అతుక్కునే బట్టలు వేసుకునేవాళ్లకి నాన్న పద్ధతే మేలేమో. నాకు మతిమరుపు కాస్త ఎక్కువ, అది కూడా లెక్కలో వేసుకోండి. ఈ మధ్య ఎలాస్టిక్ సాగిపోయి, మెట్లు దిగుతుంటే బెల్టు కిందికి జారుతోంది. ముడి వేసి వాడుతున్నాను. ఆ ముడి కాస్త గుచ్చుకుంటుంది కాబట్టి, ఇప్పుడు ఉందో లేదో మాత్రం తెలుస్తోంది.