తిరిగే మాడ్యూల్ ఉన్న కాంపౌండ్ విల్లు: ఏళ్ల వాడకం తర్వాత

ఈ విల్లులో నాకు బాగా నచ్చింది క్యామ్ (విల్లు కొనల్లో స్ట్రింగ్, కేబుళ్లు చుట్టుకునే చక్రం) మీదున్న తిరిగే మాడ్యూల్, అంటే విల్లు ఎంత వరకు లాగొచ్చో మార్చే చిన్న పలక. వేగం, బరువు, పొడవు లాంటివి పెట్టె మీదే రాసి ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. కాంపౌండ్ విల్లు లాగుతూ ఉంటే క్యామ్ ఒకచోట గోడకు తగిలినట్టు ఆగిపోతుంది. క్యాములు లేని రికర్వ్ విల్లులా ఇంకాస్త లాగుదామంటే కుదరదు. అందుకే డ్రా లెంగ్త్ (లాగే పొడవు) మనిషికి సరిపోని విల్లు ఎంత ఖరీదైనదైనా దండగే.

రెండు చేతులూ చాపి, బార కొలత అంగుళాల్లో తీసుకుని 2.5తో భాగించమంటారు. బార 70 అంగుళాలైతే డ్రా లెంగ్త్ 28. ఇది మొదలుపెట్టడానికి మాత్రమే పనికొచ్చే లెక్క. నాకు 28 దగ్గర తల వెనక్కి వాలేది, స్ట్రింగ్ దవడ దాటి చెవి వైపు పోయేది, విల్లు పట్టిన మోచెయ్యి బిగుసుకుపోయి స్ట్రింగ్ ముంజేతిని చరిచేది. ఈ మూడూ కలిసి కనిపిస్తే డ్రా లెంగ్త్ ఎక్కువైనట్టే. మాడ్యూల్ స్క్రూలు అలెన్ కీతో వదులు చేసి, రెండు క్యాములనూ ఒకే అంకెకు తిప్పి, డ్రా స్టాప్‌ను (లాగడాన్ని ఆపే మేకును) కూడా అదే అంకె దగ్గరికి మార్చి బిగిస్తే 27.5 అయింది. పట్టుమని పది నిమిషాల పని. భుజం కిందికి దిగింది, గురి దగ్గర సైట్ పిన్ వణుకు తగ్గింది. అర అంగుళం తగ్గితే వేగం సెకనుకు దాదాపు అయిదు అడుగులు పడిపోతుంది. నిలకడ ముందు అదొక లెక్క కాదు.

డ్రా స్టాప్ మార్చడం మరిచిపోకూడదు. మాడ్యూల్ ఒక అంకె మీద, స్టాప్ ఇంకో అంకె మీద ఉంటే లెట్ ఆఫ్ (పూర్తిగా లాగాక చేతి మీద తగ్గే బరువు) మారిపోతుంది, చివరి గోడ మెత్తబడుతుంది.

అయితే ఇలాంటి మాడ్యూల్ ఉంటే ‘బో ప్రెస్ (విల్లును నొక్కి స్ట్రింగ్ వదులు చేసే పరికరం) అక్కర్లేదు’ అన్న మాట సగమే నిజం. డ్రా లెంగ్త్ మారితే తల నిలిచే చోటు మారుతుంది, స్ట్రింగ్‌లో ఉండే పీప్ సైట్ (గురి చూసే రంధ్రం) కంటికి అందదు. దాన్ని జరపాలంటే ప్రెస్ కావాల్సిందే. పైగా మాడ్యూల్ అర అంగుళం మెట్లలోనే తిరుగుతుంది. పావు అంగుళం కావాలంటే స్ట్రింగ్‌కు మెలి పెట్టాలి, లేదా డి లూప్ (స్ట్రింగ్‌కు కట్టే చిన్న తాడు ఉచ్చు) పొడవు మార్చుకోవాలి.

అసలు తలనొప్పి కొన్ని నెలల తర్వాత వచ్చింది. యాభై మీటర్ల దగ్గర బాణాలు పక్కలకు పోకుండా పైకీ కిందికీ చెదరడం మొదలైంది. సైట్, రెస్ట్ (బాణం ఆనే చోటు), బాణాల నాక్‌లు (వెనక కొసన స్ట్రింగ్‌కు తగిలించే గాడి) అన్నీ చూశాను, ఏ తేడా లేదు. పూర్తిగా లాగి పట్టుకున్నప్పుడు పక్కనున్న వాళ్లను చూడమంటే దొరికింది: పై క్యామ్ స్టాప్ కేబుల్‌కు ఆనుకుంది, కింది దానికి ఇంకా రెండు మిల్లీమీటర్ల ఖాళీ ఉంది. కేబుల్ సాగి టైమింగ్ తప్పింది. రెండు క్యాములూ ఒకేసారి ఆగకపోతే నాక్ తిన్నగా ముందుకు పోదు, బాణం ఎత్తు ప్రతిసారీ మారుతుంది. ప్రెస్ మీద కేబుల్‌ను అర చుట్టు చొప్పున మెలి తిప్పుతూ, ప్రతిసారీ దింపి, బాణం పెట్టి లాగి చూస్తే గాని కుదరలేదు. ఏ కేబుల్‌కు మెలి పెట్టాలో క్యామ్ రకాన్ని బట్టి ఉంటుంది. టైమింగ్ కుదిరాక కేబుల్ క్యామ్‌ను దాటే చోట తెల్ల పెయింట్ పెన్నుతో గీత పెట్టుకోండి. గీత పక్కకు జరిగిందంటే మళ్లీ సాగినట్టే.

డ్రా వెయిట్ (లాగడానికి కావాల్సిన బలం) విషయం క్లుప్తంగా చెబుతాను. కుర్చీలో కూర్చుని, విల్లు ఆకాశం వైపు ఎత్తకుండా నేరుగా లాగలేకపోతే అది మీకు ఎక్కువ. దాన్ని మార్చాలంటే లింబ్ (విల్లు వంగే కొమ్మల) బోల్టులు రెండూ సమానంగా తిప్పాలి. పూర్తి చుట్టుకు రెండు మూడు పౌండ్లు మారుతుంది. తయారీదారు చెప్పిన చుట్లు మించి వదులు చేయొద్దు.

ఇంకా ఒళ్లు కుదురుకోని వాళ్లకూ, ఇంట్లో ఇద్దరు ఒకే విల్లు వాడేవాళ్లకూ ఈ మాడ్యూల్ చాలా మేలు. మరొకరు వాడాక పాత అంకెకు తిప్పుకోవచ్చు, సైట్ గుర్తులు మాత్రం విడిగా రాసి పెట్టుకోవాలి. దీని యాక్సిల్ దూరం (రెండు క్యాముల ఇరుసుల మధ్య దూరం) తక్కువ కాబట్టి డ్రా 29 దాటిన వాళ్లకు స్ట్రింగ్ కోణం ఇరుకవుతుంది, ముక్కుకు ఆనించుకోవడం కష్టం. ప్రెస్ అందుబాటులో ఉండి, డ్రా 26 నుంచి 28 మధ్య తేలిన వాళ్లకైతే ఇదే తీసుకోమంటాను. దగ్గర్లో ప్రెస్ లేకపోతే అంత గట్టిగా చెప్పలేను.