"ఫుల్ రీస్టోర్డ్ ఆర్మీ జిప్సీ" కొంటున్నారా? టోకెన్ ఇచ్చే ముందు బండి కిందకి దూరి చూడండి

పాత మారుతి జిప్సీ కోసం వెతుకుతున్నవాళ్లందరికీ ఈ హెచ్చరిక. ప్రకటన ఇలా ఉంటుంది: కొత్తగా కొట్టిన ఆలివ్ గ్రీన్ మ్యాట్ పెయింటు, కొత్త సాఫ్ట్ టాప్, లావు టైర్లు, ముందు వించ్ బంపరు, ఫొటోలన్నీ సాయంత్రం ఎండలో తీసినవి. "ఆర్మీ ఆక్షన్ బండి, ఫుల్ రీస్టోర్డ్, పేపర్లు క్లియర్, ముందొచ్చినవాళ్లకే." ఇలాంటి బళ్లలో నిజంగా మంచివీ ఉన్నాయి. మోసం నడిచేది కూడా సరిగ్గా ఇదే వేషంలో.

ముందు మోసం ఎలా తయారవుతుందో చెప్తాం. ఆర్మీ తనకు అక్కర్లేని జిప్సీలను లాట్ల కింద వేలం వేస్తుంది. సక్రమంగా వదిలిన బండికి సంబంధిత అధికారి ఇచ్చే అసలు సేల్ సర్టిఫికెట్, అంటే ఫారం 21, ఉంటుంది. దాని ఆధారంగానే ఆర్టీఏలో కొత్త నంబరు వస్తుంది. తుక్కు కింద అమ్మిన బండికి ఆ కాగితం ఉండదు. కానీ దాని బాడీ చాలాసార్లు గట్టిగానే ఉంటుంది. మరోవైపు ఎక్కడో ఒక సివిల్ జిప్సీ షెడ్డులో పుచ్చిపోయి ఉంటుంది, దాని ఆర్సీ మాత్రం బతికే ఉంటుంది. ఈ రెండింటికీ పెళ్లి చేస్తారు. తుక్కు బండి చాసిస్ మీద నంబరు గ్రైండ్ చేసి ఆర్సీలో ఉన్న నంబరు కొట్టడం ఒక పద్ధతి. పాత చాసిస్‌లో నంబరున్న ముక్క కోసి ఇక్కడ అతికించడం ఇంకో పద్ధతి. పైన నల్లటి అండర్‌కోటింగ్ పూస్తే ఫొటోలో ఏమీ కనిపించదు.

కొన్నవాడికి ఇది తెలిసేది ట్రాన్స్‌ఫర్ రోజునో, రెన్యూవల్‌కు బండి చూపించినప్పుడో, యాక్సిడెంటయ్యి ఇన్సూరెన్స్ సర్వేయరు వచ్చినప్పుడో. అప్పటికి అమ్మినవాడి ఫోను మోగదు. బండి పోలీస్ స్టేషన్ ఆవరణలో చెట్టు కింద ఉంటుంది.

కాబట్టి మొదటి పని ఇంజిన్ స్టార్ట్ చేయడం కాదు, చాసిస్ నంబరు చూడటం. కుడి ముందు చక్రం వైపు ఫ్రేమ్ మీద వెతకండి. అక్కడ కొత్త పెయింటు మందంగా ఉంటే థిన్నరూ గుడ్డా తీసుకుని తుడవమని అమ్మేవాణ్నే అడగండి. "పెయింటు పోతుంది" అంటే ఆ మాట గుర్తుంచుకోండి. నంబరు కనబడ్డాక దానిమీద పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో అడ్డంగా రుద్దండి. ఆర్టీఏ దగ్గర తీసే చాసిస్ ప్రింటు ఇదే. ఫ్యాక్టరీ నంబరులో అంకెల లోతు, ఎడం, వరస ఒకేలా ఉంటాయి. చేత్తో పంచ్ చేసినదానిలో ఒక అంకె లోతుగా, పక్కది పైపైన, ఇంకొకటి కాస్త వాలి ఉంటుంది. నంబరు చుట్టూ లోహం పల్లంగా ఉంటే గ్రైండర్ తిరిగినట్టు. నాలుగు పక్కలా సన్నగా ఉబ్బిన గీత తగిలితే అది వెల్డింగ్. వేలితో తడిమి చూడండి, కంటికి దొరకనిది వేలికి దొరుకుతుంది.

తర్వాత చాసిస్ బలం. జిప్సీది ల్యాడర్ ఫ్రేమ్, పెట్టె ఆకారపు గొట్టాలు. వెనక చక్రాలు ఎగరేసిన బురద ఫ్రేమ్ లోపలికి చేరి, నీళ్లు పోయే రంధ్రాలు పూడుకుపోయి, తుప్పు లోపల్నుంచి బయటికి తింటుంది. అందుకే బయట నున్నగా కనిపించే ఫ్రేమ్‌ని నమ్మడానికి లేదు. చిన్న సుత్తితో ముందునుంచి వెనక్కి ప్రతి జానెడు దూరానికీ తట్టండి. మంచి లోహం టంగుమంటుంది. పుచ్చినచోట డొల్ల శబ్దమో, మెత్తటి చప్పుడో వస్తుంది. వెనక కమాన్ పట్టీలు తగిలించే బ్రాకెట్లు, చివరి క్రాస్ మెంబర్ (ఫ్రేమ్ అడ్డపట్టీ), బాడీ మౌంట్లు (బాడీ ఫ్రేమ్‌కు బిగించే చోట్లు): ఈ మూడుచోట్లా పాత స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడండి. దిగబడితే ఆ బండి లెక్క వేరు. ఫ్రేమ్ మీద కొత్త పట్టీ వేసి వెల్డింగ్ చేసి ఉంటే, "బలం కోసం వేశాం" అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. బలం కోసం వేస్తే రెండు వైపులా ఒకేలా వేస్తారు. ఒకవైపే ఉంటే అది చిల్లు మూసిన మూత.

బాడీలో తుప్పు చూడాల్సినవి ఫ్లోరు, వెనక చక్రాల వంపుల లోపలి భాగం, విండ్‌షీల్డ్ ఫ్రేమ్ అడుగు, టెయిల్‌గేటు కింది అంచు. ఒక చిన్న అయస్కాంతానికి గుడ్డ చుట్టి జరుపుతూ వెళ్లండి. పట్టు వదిలినచోట లప్పం ఉంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో తిరిగిన బండైతే ఈ పనికి ఒక గంట ఎక్కువ పెట్టుకోండి.

ఇక మోడల్ విషయం. 1985 చివర్లో వచ్చిన మొదటి జిప్సీ, ఎంజీ 410లో 970 సీసీ ఇంజిను, నాలుగు గేర్లు. 1993లో చక్రాల మధ్య వెడల్పు పెంచారు. 1996లో జిప్సీ కింగ్ వచ్చింది: 1298 సీసీ, అయిదు గేర్లు, మొదట్లో కార్బురేటర్. 2000లో కార్బురేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న 16 వాల్వుల ఎంపీఎఫ్ఐ ఇంజిను, 80 హార్స్‌పవర్. బానెట్టూ బ్యాడ్జీ మార్చి పాత 410ని కింగ్ అని చెప్పి, కింగ్ ధర అడగడం మామూలే. గేర్ నాబ్ మీద బొమ్మ చూసి నమ్మకండి, నాబ్ వంద రూపాయలకు దొరుకుతుంది. అయిదో గేరు నిజంగా పడుతుందో లేదో బండి నడుపుతూ వేసి చూడండి. బానెట్ ఎత్తి ఇంజిను నంబరు ఆర్సీతో కలపండి.

ఇంజిను నంబరు కలవకపోతే ఎక్కువగా వినిపించే జవాబు "ఎస్టీమ్ ఇంజిన్ వేశాం సార్, అదే ఇంజిన్". ఎస్టీమ్ అంటే పాత మారుతి కారు. పూర్తిగా అదే కాదు. ఎస్టీమ్‌లో ఇంజిను అడ్డంగా కూర్చుంటుంది, జిప్సీలో నిలువుగా. దాంతో ఇంజిన్ కింది ఆయిల్ సంపు, మౌంటింగులు, నీళ్ల గొట్టాల దారి మారతాయి, వైరింగ్ అతకాల్సి వస్తుంది. పని తెలిసినవాడు చేస్తే బాగానే నడుస్తుంది. తెలియనివాడు చేస్తే ఎండాకాలం ట్రాఫిక్‌లో టెంపరేచర్ ముల్లు పైకి పాకుతుంది. పాత బెలెనో 1.6 ఇంజిను వేసిన బళ్లూ ఉన్నాయి, వాటి పికప్ ముచ్చటగా ఉంటుంది, ఒప్పుకుంటాం. కానీ ఏ ఇంజిను మార్చినా ఆర్టీఏ అనుమతితో ఆర్సీలో కొత్త నంబరు ఎక్కాలి. ఎక్కకపోతే ఆ ముచ్చట మీది, కేసూ మీదే.

ఇంజిను పరీక్షకు బండి చల్లగా ఉండాలి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీకోసం ముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. ఆ రోజుకు వెనక్కి వచ్చి, చెప్పకుండా ఇంకో పొద్దున్నే వెళ్లండి. కంప్రెషన్ గేజ్ (సిలిండర్లో ఒత్తిడి కొలిచే మీటరు) ఉన్న మెకానిక్‌ని వెంటబెట్టుకోండి. నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి సెల్ఫ్ కొడితే 1.3 ఇంజినులో చదరపు సెంటీమీటరుకు 14 కిలోల దగ్గర్లో రావాలి. 12కు తగ్గితే పని పడుతుంది. సిలిండర్ల మధ్య తేడా ఒక కిలో దాటకూడదు. తక్కువున్న సిలిండర్‌లో చెంచాడు ఇంజినాయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె పెరిగితే రింగులు పోయినట్టు, పెరగకపోతే వాల్వులు గానీ గ్యాస్కెట్ గానీ. టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే మార్చనట్టే లెక్కేసి, ఆ ఖర్చు బేరంలో తగ్గించండి.

ముందు యాక్సిల్ దగ్గర ఎక్కువసేపు ఆగండి, ఎందుకంటే ఈ బండిలో ప్రాణం మీదకు తెచ్చేది అదే. 50, 60 వేగంలో గుంత తగలగానే స్టీరింగ్ రెండు పక్కలకూ పిచ్చిగా ఊగిపోయే జబ్బుంది. కొంతమంది దానికి కొత్త స్టీరింగ్ డాంపర్ బిగించి అమ్మేస్తారు. డాంపర్ ఊపును దాస్తుంది, రోగాన్ని పోగొట్టదు. ముందు చక్రం జాకీతో లేపి, టైరును పైనా కిందా పట్టుకుని ఊపండి. లూజు తగిలితే ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టుకోమని మళ్లీ ఊపండి. లూజు పోతే వీల్ బేరింగు, పోకపోతే కింగ్‌పిన్ (స్టీరింగ్ తిప్పితే చక్రం తిరిగే ఇరుసు) బేరింగు. కింగ్‌పిన్‌కు పైనా కిందా బేరింగులుంటాయి, వాటి బిగువు షిమ్‌లతో, అంటే సన్నటి రేకు ముక్కలతో, సెట్ చేయాలి. షిమ్ లెక్క చూడకుండా బేరింగులు మాత్రం మార్చిన బండి కొన్నాళ్లకే మళ్లీ ఊగుతుంది. తర్వాత టైరును పక్కలకు ఊపితే టై రాడ్ ఎండ్ల (స్టీరింగ్ కడ్డీ చివరి జాయింట్ల) లూజు తెలుస్తుంది.

చక్రం లోపలివైపు గుండ్రటి నకిల్ బంతి ఉంటుంది. దానిమీద గ్రీజు పల్చటి పొరలా ఉండటం సహజం. నల్లటి పల్చని నూనె కారి బ్రేకు దాకా వెళ్తుంటే యాక్సిల్ సీలు పోయి, డిఫరెన్షియల్ ఆయిల్ గ్రీజుతో కలిసిపోతోంది. సీలు చవకే, కానీ విప్పడానికి హబ్బు నుంచి నకిల్ దాకా అంతా ఊడదీయాలి. ఫోర్ వీల్ డ్రైవ్ వేసి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి, మట్టి నేల మీద మెల్లగా పోనివ్వండి. టకటక వినిపిస్తే లోపలి జాయింటు అరిగింది. సిమెంటు రోడ్డు మీద ఈ పరీక్ష చేయకండి, బాగున్న బండికీ గేరు బిగుసుకుంటుంది. అదే మట్టిలో లో రేంజ్ వేసి గ్యాస్ ఇచ్చి వదలండి. లీవరు దానంతటదే న్యూట్రల్‌లోకి ఎగిరితే ట్రాన్స్‌ఫర్ కేస్ (నాలుగు చక్రాలకూ శక్తి పంచే గేరు పెట్టె) విప్పాలి. దానిలో పట్టే ఆయిల్ లీటరు లోపే, కాబట్టి చిన్న కారుడుకే ఎండిపోతుంది. కింద కొత్తగా కడిగినట్టు మెరుస్తుంటే అనుమానించండి. పాత జిప్సీ కింద కాస్త జిడ్డుండటమే సహజం.

లావు టైర్ల ముచ్చట కొస్తే, 205/70 ఆర్15 టైరు ఎత్తు సుమారు 668 మిల్లీమీటర్లు. 235/75 ఆర్15 ఎత్తు 734. దాదాపు పదో వంతు ఎక్కువ. మీటరు 60 చూపిస్తుంటే బండి 66లో పోతుంది, కిలోమీటర్లు కూడా ఆ మేరకు తక్కువ తిరుగుతాయి. అసలే పికప్ అంతంతమాత్రంగా ఉన్న బండికి ఘాట్‌లో అయిదో గేరు అలంకారమవుతుంది. బండి ఎత్తు పెంచడం కోసం ముందువైపు పొడవు షాకిల్ (కమాన్ పట్టీ కొసను ఫ్రేమ్‌కు తగిలించే లింకు) వేసి ఉంటే ఇంకో చిక్కు. జిప్సీ ముందు చక్రాల వైపు షాకిల్ కమాన్ పట్టీ ముందు కొసన ఉంటుంది. అది పొడవైతే యాక్సిల్ ముందుకు వాలి కాస్టర్ (కింగ్‌పిన్ వెనక్కి వాలే కోణం) తగ్గుతుంది, స్టీరింగ్ తిరిగి నిటారుకు రాదు, ఇందాక చెప్పిన ఊపుకు ఇదీ తోడవుతుంది. పట్టీకీ యాక్సిల్‌కీ మధ్య వాలు షిమ్ వేస్తే సర్దుకుంటుంది. వేశారా అని అడగండి, అర్థంకానట్టు చూస్తే వేయలేదు.

కాగితాల్లో చూడాల్సినవి: ప్రైవేటు బండి ఆర్సీ మొదట 15 ఏళ్లు, ఆ తర్వాత అయిదేళ్లకోసారి ఫారం 25 మీద రెన్యూవల్. కారు రెన్యూవల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000, ఇరవై ఏళ్లు దాటిన బండికి 2025 ఆగస్టు నుంచి 10,000. ఆలస్యానికి రూలు ప్రకారం నెలకు 500. మూడేళ్లు వదిలేసిన బండికి అదే 18,000. పాత పుస్తకం ఆర్సీ అయితే ఆన్‌లైన్‌లో ఎక్కించారో లేదో చూడండి. ఎక్కకపోతే ఆ నంబరిచ్చిన ఆఫీసులోనే ఎక్కించాలి, దూరపు రాష్ట్రమైతే అది మీవల్ల అయ్యే పని కాదు. అమ్మేవాడితోనే చేయించండి. వేరే రాష్ట్రం బండికి ఫారం 28 ఎన్‌ఓసీ (అక్కడి ఆర్టీఏ ఇచ్చే నిరభ్యంతర పత్రం) అసలు ప్రతి కావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ వేరే కట్టాలి. ఢిల్లీలో 15 ఏళ్లు దాటిన పెట్రోల్ బళ్ల మీద ఆంక్షలొచ్చాక దక్షిణాదికి దిగిన బళ్లలో గడువు దాటాక ఎన్‌ఓసీ తీసుకున్నవేమో తేదీలు పోల్చండి. సాఫ్ట్ టాప్‌ను హార్డ్ టాప్ చేసిన బండికి ఆర్సీలో బాడీ టైపు ఏముందో చదవండి. కంపెనీ అసలు స్పెసిఫికేషన్‌కు భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. వించ్ బంపరు, అదనపు లైట్లు వగైరా చలానా దాకా పోతే పోతాయి. బాడీ, ఇంజిను, చాసిస్ తేడాలతో ఇన్సూరెన్స్ క్లెయిమే పోతుంది.

"50 ఏళ్లు దాటితే వింటేజ్ కింద చేయిస్తాం" అని జిప్సీకి కూడా చెప్పే ఏజెంట్లున్నారు. మొదటి జిప్సీకి 50 ఏళ్లు నిండేది 2035లో.

ఇవన్నీ చూశాక నచ్చి టోకెన్ ఇస్తే, నగదు వద్దు, ఆర్సీలో పేరున్న మనిషి ఖాతాకే పంపండి. ఆ మనిషి చనిపోయి, కొడుకో బావమరిదో అమ్ముతుంటే వారసుల పేరుకు మారాకే కొనండి. సంతకాలు ముందే పెట్టిన ఖాళీ 29, 30 ఫారాలు (పేరు మార్పిడివి) తీసుకోవద్దు. రసీదు మీద ఆర్సీ నంబరు, చాసిస్, ఇంజిను నంబర్లు పూర్తిగా రాయించి, కిందే మీరు తీసిన పెన్సిల్ ప్రింటు అంటించి, "ఆర్టీఏ తనిఖీలో నంబర్లు కలవకపోతే టోకెన్ మొత్తం వాపసు" అన్న వాక్యం అమ్మేవాడి చేతిరాతతోనే రాయించుకోండి. ఒక కాపీ ఆయనకు, ఒకటి మీకు.