చలికాలం గేటు దగ్గర నిలబడే గుర్రం: లాయం మేలా, బీడు మేలా?

ఇంగ్లండులో నవంబరు దాటిందంటే ఏ లివరీ యార్డులోనైనా, అంటే యజమానులు డబ్బు కట్టి తమ గుర్రాల్ని ఉంచుకునే చోట, ఇదే కనబడుతుంది. పొద్దున ఎనిమిదింటికి బీడులోకి వదిలిన గుర్రం మధ్యాహ్నం ఒంటిగంట కాకముందే గేటు దగ్గరికొచ్చి నిలబడుతుంది. పిరుదులు గాలివైపు తిప్పి, తోక కాళ్ల మధ్య అణచుకుని, చెవులు మాత్రం యార్డువైపే పెట్టి ఉంటుంది. ఎవరైనా బకెట్ పట్టుకుని అటు నడిస్తే సకిలిస్తుంది. కొన్నైతే పొద్దున్నే లాయం గుమ్మం దాటడానికే మొరాయిస్తాయి. అది చూసిన యజమానికి మనసొప్పదు. "దానికి లోపలే ఇష్టం, బలవంతంగా ఎందుకు గెంటడం? మార్చి దాకా లాయంలోనే ఉంచేద్దాం" అంటారు.

ప్రేమతో అనే మాటే. కానీ నాలుగు నెలలకు సరిపడా నిర్ణయం తీసుకునే ముందు ఒక్క సంగతి తేల్చుకోవాలి. ఆ గుర్రం లాయం కావాలంటోందా, ఆ బీడు వద్దంటోందా? ఎక్కువసార్లు రెండోదేనని నా నమ్మకం. అందుకే లాయాన్నీ బీడునీ పక్కపక్కన పెట్టి చూసేముందు, గేటు దగ్గర నిలబడ్డ గుర్రానికి అసలు ఏం తక్కువైందో చూద్దాం.

చలి కాదు, తడి

వట్టి చలి గుర్రానికి మనం అనుకున్నంత బాధ కాదు. చలికాలపు బొచ్చు దట్టంగా పెరిగి, వాతావరణానికి అలవాటుపడి, కడుపునిండా మేత ఉన్న పెద్ద గుర్రం గాలీవానా లేకపోతే మైనస్ 15 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. ఒంటి వేడి నిలుపుకోవడానికి అదనంగా శ్రమపడదు. అలవాటు లేని గుర్రానికి ఆ హద్దు దాదాపు 5 డిగ్రీలు. పైగా దాని కడుపులోనే ఒక కుంపటి ఉంది. వెనక పేగుల్లో సూక్ష్మజీవులు గడ్డిలోని పీచును పులియబెడుతుంటే పుట్టే వేడి అది. అందుకే చలి ముదిరిన రోజున రెండు గుప్పెళ్ల దాణా ఎక్కువ పెట్టడం కన్నా ఇంకో మోపెడు ఎండుగడ్డి వేయడం మంచిది.

తడి సంగతి వేరు. పొడిగా ఉన్నప్పుడు వెంట్రుకలు నిక్కబొడుచుకుని మధ్యలో గాలిని పట్టి ఉంచుతాయి. వాన వాటిని ఒంటికి అంటించేస్తే ఆ పొర పోతుంది. దానికి గాలి తోడైతే ఆరేడు డిగ్రీల్లోనే గుర్రం వణకడం చూడొచ్చు. మేముండే లాంకషైర్ వైపు చలికాలమంతా ఇదే వరస. మంచు పడేది తక్కువ, అడ్డంగా కొట్టే వాన ఎక్కువ. కెనడాలో పొడి మంచులో నిలబడ్డ గుర్రం కన్నా ఇక్కడి గుర్రానికే ఎక్కువ కష్టం అనిపిస్తుంది నాకు.

ఈ విషయం గుర్రాలే చెప్పాయి. 2016లో నార్వే పరిశోధకులు 23 గుర్రాలకు బోర్డుల మీది గుర్తులు నేర్పారు. అడ్డగీత ఉన్న బోర్డును ముక్కుతో తాకితే రగ్గు కప్పుతారు, నిలువుగీతను తాకితే తీసేస్తారు, ఖాళీ బోర్డును తాకితే ఉన్నది ఉన్నట్టు ఉంచుతారు. గుర్రాలు నేర్చుకున్నాయి. వానా చలిగాలీ ఉన్న రోజున రగ్గు అడిగాయి, వాతావరణం బాగున్న రోజున వద్దన్నాయి. కాబట్టి గుర్రం ఇష్టాన్ని కొట్టిపారేయకూడదు. అది ఏ రోజుకి ఆ రోజు అడుగుతుందే తప్ప చలికాలం మొత్తానికి కలిపి అడగదు.

తోడు, నిద్ర, నాలుగింటి బకెట్

తడి తర్వాత పెద్ద కారణం ఒంటరితనం. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2011లో ప్రచురించిన ప్రయోగంలో, బయటికి వచ్చిన గుర్రాలు తిరిగి లాయానికి వెళ్లే అవకాశం వాటికే ఇచ్చారు. వేరే గుర్రాలు లేనప్పుడు అవి సగటున 17 నిమిషాలే బయట ఉన్నాయి. తోడున్నప్పుడు 35 నిమిషాలు ఉన్నాయి. ఆవరణ అదే, గుర్రాలూ అవే. తోడు దొరికేసరికి బయట ఉండాలన్న కోరిక రెండింతలైంది. మన యార్డుల్లో కరెంటు తీగలు కట్టి ఒక్కో గుర్రానికి ఒక్కో ముక్క కేటాయించి, ఆ పైన "దీనికి బయట ఇష్టం లేదు" అనడం నాకు న్యాయంగా తోచదు.

చాలామందికి తట్టనిది నిద్ర. గుర్రం నిలబడి కునుకు తీస్తుంది, నిజమే. కానీ కలలొచ్చే గాఢనిద్రకు పడుకుని తీరాలి. రోజుకు అరగంట, ముప్పావుగంట చాలు, అయితే ఆ కాసేపూ పొడినేల కావాలి. మడమలోతు బురదలో ఏ గుర్రమూ పడుకోదు. రెండు మూడు వారాలు రాత్రింబవళ్లు బురదలోనే ఉన్న గుర్రం లాయంలోకి రాగానే పొట్టుమీద కూలబడి గురక పెట్టిందంటే, అది నాలుగు గోడల మీద మమకారం అనుకోకండి. దానికి కావలసింది పొడిగా పడుకునే చోటు.

ఇక బకెట్. సాయంత్రం నాలుగింటికే చీకటిపడే డిసెంబరులో, మూడున్నరకు లోపలికి తెచ్చి దాణా పెడుతున్నామంటే గుర్రం రెండింటినుంచే ఎదురుచూస్తుంది. బీడులో గడ్డి లేదు, లాయంలో మేతకోసం వేలాడదీసిన వలనిండా ఎండుగడ్డి ఉంది. ఏది ఎంచుకుంటుందో చెప్పక్కర్లేదు.

మా అమ్మాయి స్వారీ చేసే కాబ్ (బలిష్ఠమైన పొట్టి రకం) గుర్రం గేటు వదలకపోతే మేం చేసిన మార్పు చిన్నదే. గడ్డి వలల్ని గేటు దగ్గర్నుంచి తీసి, గాలి తగలని ముళ్లపొదల కంచె వారగా మూడుచోట్ల కట్టాం. పక్క ముక్కలో ఉండే ఆడగుర్రం యజమానితో మాట్లాడి, మధ్యలో తీగ తీసేశాం. ఆ తర్వాత అది గేటు దగ్గరికి వచ్చేది చీకటి పడుతుండగానే. మధ్యాహ్నమంతా రెండూ కంచె వారనే, ఒకదాని మెడ ఇంకొకటి పళ్లతో గోకుతూ ఉండేవి.

లాయంలోనే ఉంచితే

మంచి చాలానే ఉంది. కాళ్లు ఆరతాయి. బురదవల్ల మడమల దగ్గర చర్మం పగిలి పొక్కులు కట్టే జబ్బు, ఇక్కడివాళ్లు మడ్ ఫీవర్ అనేది, పొడినేల మీద త్వరగా తగ్గుతుంది. కాబ్‌ల కాళ్లకు ఉండే దట్టమైన బొచ్చులో అది కంటికి కనబడదు. వేళ్లతో బొచ్చు పాయలు తీస్తూ తడిమితే గరుకుగా తగులుతుంది, గుర్రం చటుక్కున కాలు లాక్కుంటుంది. ఇలా ఉన్నప్పుడు నాలుగు రోజులు లోపలుంచడం మంచి వైద్యం. ఎంత తిన్నదీ, ఎంత తాగిందీ, ఎన్నిసార్లు లద్దె వేసిందీ తెలుస్తుంది.

నెలల తరబడి ఉంచితే మాత్రం నష్టం మొదలవుతుంది. ఇక్కడ లాయం గది మామూలుగా 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. బయట రోజంతా మేస్తూ అడుగడుగునా కదిలే ప్రాణి అందులో నాలుగడుగులు వేసి మళ్లీ వెనక్కి తిరగాలి. పచ్చగడ్డిలో నూటికి ఎనభై పాళ్లు నీరే. ఎండుగడ్డిలో పదిహేను పాళ్లకు మించదు. అలాంటి మేత తింటూ, బకెట్లో నీళ్లు చల్లగా ఉన్నాయని సరిగా తాగక, కదలిక లేకపోతే పెద్దపేగు మలుపులో మేత గట్టిపడి అడ్డుపడుతుంది. ఉన్నట్టుండి లాయంలో పెట్టేసిన గుర్రాల్లో ఈ రకం కోలిక్ (తీవ్రమైన కడుపునొప్పి) ఎక్కువని పశువైద్యులందరికీ తెలుసు. నీళ్లు గోరువెచ్చగా చేసి పెట్టడం, ఎండుగడ్డి తడిపి వేయడం ఈ సమయంలో తప్పనిసరి.

దీనికి ఊపిరి సంగతి కూడా కలుస్తుంది. మూసిన గదిలో ఎండుగడ్డి దుమ్ము, బూజు, మూత్రంనుంచి లేచే అమ్మోనియా గుర్రాలకు ఉబ్బసం తెస్తాయి. చలిగాలి వస్తోందని పై తలుపు మూసేస్తే ఇంకా ఎక్కువ. కడుపులో పుండ్లు మరో బాధ. గుర్రం కడుపులో ఆమ్లం రోజంతా ఊరుతూనే ఉంటుంది, దాన్ని చల్లార్చే లాలాజలం నమిలేటప్పుడే వస్తుంది. ఉదయం ఒక వల, సాయంత్రం ఒక వల వేసి వెళ్లిపోతే మధ్యలో గంటల తరబడి ఖాళీ కడుపు. తలుపు దగ్గర అటూ ఇటూ ఊగడం, కొయ్య కొరికి గాలి మింగడం లాంటి అలవాట్లు పుట్టేది ఇలాంటి లాయాల్లోనే. ఒకసారి పట్టుకుంటే వదిలించడం కష్టం.

"రోజూ గంట స్వారీ చేస్తున్నాంగా" అంటారు. స్వారీ అనేది దానికి పని. ఇష్టమొచ్చినట్టు దొర్లడం, తలెత్తి పరిగెత్తడం, ఇంకో గుర్రాన్ని తాకడం అందులో ఉండవు. స్వీడన్‌లో గుర్రానికి రోజూ స్వేచ్ఛగా కదిలే అవకాశం ఇవ్వాలని నిబంధనే ఉంది.

రాత్రింబవళ్లు బయటే

ఎక్స్‌మూర్, షెట్లండ్, ఫెల్, హైలండ్ లాంటి బ్రిటిష్ కొండ జాతులకు ఇదే మేలు. మూడువైపులా గోడలున్న పాక, ఎండుగడ్డి, తోడు ఉంటే వాటికి రగ్గు కూడా అక్కర్లేదు. పైగా ఎండాకాలంలో ఒళ్లు చేసినవి చలికాలంలో కాస్త తగ్గితే వాటి గిట్టలకే మంచిది. పందేలకు వాడే థరోబ్రెడ్ జాతిలాంటి పలచని చర్మమున్నవాటికీ, బొచ్చు కత్తిరించినవాటికీ ఈ పద్ధతి పెట్టవద్దు. బంకమట్టి నేల ఉన్నచోట దేనికీ పెట్టవద్దు. గుర్రానికి ఎకరం, ఎకరంన్నర కావాలని గుర్రాల సంక్షేమ సంస్థ బ్రిటిష్ హార్స్ సొసైటీ లెక్క. చలికాలంలో అంత నేల ఇచ్చే యార్డులు అరుదు.

నేనైతే ఎంచుకునేది

రాత్రి లాయం, పగలు బయట అన్నది అందరూ చేసేదే. నా ఎంపిక దానికే చిన్న సవరణ: ఎక్కువ గంటలు చెడ్డ నేలమీద ఉంచే బదులు తక్కువ గంటలు మంచి నేలమీద. గట్టినేల ఆవరణలో, గాలికి అడ్డుతో, తోడుతో, తరగని ఎండుగడ్డితో నాలుగైదు గంటలు. గేటు దగ్గర పిలుపు మొదలవకముందే లోపలికి తెచ్చేయడం.

గట్టినేల అంటే లక్షలు పోసి కట్టాల్సిందేమీ కాదు. గేటు దగ్గరా నీళ్లతొట్టి దగ్గరా కంకర పరిచి, పైన బురదకోసం అమ్మే ప్లాస్టిక్ జాలీలు వేసినా పెద్ద తేడా. చెక్కపొట్టు చవకే గానీ రెండేళ్లలో కుళ్లి తనే బురదవుతుంది. ఇసుక మైదానంలో వదిలితే గడ్డి నేలమీద వేయకండి. ఇసుక కడుపులోకి పోయి అదీ కోలిక్‌కే దారితీస్తుంది. రబ్బరు చాపమీద పెట్టెలో వేయాలి.

గాలివాన హెచ్చరిక ఉన్న రోజున, గుంతలు గడ్డకట్టి రాళ్లలా ఉన్న రోజున లోపలే ఉంచండి, తప్పులేదు. అలాంటప్పుడు రోజుకు రెండుసార్లు చేత్తో పట్టుకుని నడిపించాలి.

కొన్ని గుర్రాలకు మాత్రం ఈ లెక్క వర్తించదు. నిన్నటిదాకా హాయిగా వెళ్లిన గుర్రం ఈ ఏడాదే మొరాయిస్తోందంటే ముందు వెటర్నరీ డాక్టరుకు చూపించండి. గట్టిపడిన నేలమీద అడుగుకు అడుగు వెతుక్కుంటూ నడిస్తే గిట్టల్లోనో కీళ్లలోనో నొప్పి ఉండొచ్చు. పదిహేనేళ్లు దాటినవాటికి కుషింగ్స్ అనే హార్మోన్ల జబ్బు, అరిగిన పళ్లు, వాటివల్ల సన్నబడిన ఒళ్లు ఉండొచ్చు. అలాంటి ముసలి గుర్రం గంటకే వెనక్కి వస్తానంటే దాని మాటే చెల్లనివ్వాలి. గుంపులో మిగతావి తరిమి కొడుతున్న గుర్రానికీ అంతే, కాకపోతే దానికి మార్చాల్సింది జట్టును.

యార్డు వెతుక్కుంటున్నవాళ్లు ఇవన్నీ సెప్టెంబరులోనే అడిగెయ్యాలి. చలికాలంలో బీళ్లు మూసేస్తారా, మూస్తే ఎన్ని వారాలు? మూసినప్పుడు గుర్రాలు ఎక్కడ తిరుగుతాయి? బయట ఎండుగడ్డి వేయనిస్తారా? జంటగా వదలనిస్తారా? వాన మొదలైతే మధ్యాహ్నమే లోపలికి తెచ్చే మనిషి ఉన్నారా, దానికి ఎంత తీసుకుంటారు? జవాబులు కాగితం మీద రాయించుకున్నాకే అడ్వాన్సు కట్టండి. అక్టోబరు చివరికి మంచి యార్డుల్లో ఖాళీలు ఉండవు.