ఆర్వీ రోడ్డు మీదుండగా ఫ్రిజ్: ప్రొపేన్ మీదా, బ్యాటరీ మీదా, ఆపేసా? ఏది మేలు?

వేసవి సెలవులు రాగానే అమెరికాలో మనవాళ్లు నాలుగు కుటుంబాలు కలిసి ఆర్వీ (పడకలు, వంటగది ఉండే ఇల్లులాంటి బండి) అద్దెకు తీసుకుని ఎల్లోస్టోన్‌కో, గ్రాండ్ కాన్యన్‌కో బయల్దేరడం ఇప్పుడు మామూలైపోయింది. హోటల్ తిండి మీద ఆధారపడకుండా పెరుగు, దోసెపిండి, ముందే వండి చల్లబెట్టిన పప్పు, చికెన్ కూర అన్నీ ఫ్రిజ్‌లో సర్దుకుంటాం. క్యాంప్‌గ్రౌండ్‌లో బండి ఆగి ఉన్నప్పుడు ఏ ఇబ్బందీ లేదు. కరెంటు ఉంటే కరెంటు మీద, లేకపోతే సిలిండర్‌లోని ప్రొపేన్ గ్యాస్ మీద ఫ్రిజ్ హాయిగా నడుస్తుంది. చిక్కంతా బండి రోడ్డు మీద పరుగెత్తే ఆ కొన్ని గంటల గురించే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రోజుకు నాలుగైదు గంటలకు మించని ప్రయాణమైతే ప్రొపేన్ వాల్వ్ కట్టేసి, ఫ్రిజ్ ఆపేసి వెళ్లడమే మేలు. అంతకు మించితే బండిలో ఏ రకం ఫ్రిజ్ ఉందో చూసుకుని తేల్చుకోవాలి.

ముందు ఆ ఫ్రిజ్ సంగతి. చాలా ఆర్వీల్లో ఉండే అబ్సార్ప్షన్ ఫ్రిజ్‌లో కంప్రెసర్ ఉండదు, కదిలే భాగం ఒక్కటీ ఉండదు. వెనక గొట్టాల్లో అమ్మోనియా, నీళ్లు, హైడ్రోజన్ ఉంటాయి. కింద వేడి తగలగానే అమ్మోనియా నీళ్లలోంచి విడిపోయి ఆవిరై పైకి వెళ్తుంది. పైన చల్లారి ద్రవమవుతుంది. ఆ ద్రవం ఫ్రిజ్ లోపలి గొట్టంలో హైడ్రోజన్ మధ్య మళ్లీ ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది, తర్వాత కిందికి దిగి నీళ్లలో కలిసిపోతుంది. స్టాక్‌హోమ్‌లో ఇంజనీరింగ్ చదువుతున్న బాల్ట్‌జార్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ మున్టర్స్ 1922లో దీన్ని కనిపెట్టారు. 1925లో ఎలక్ట్రోలక్స్ అమ్మకానికి పెట్టింది. ఇవాళ ఆర్వీల్లో ఎక్కువగా కనిపించే డొమెటిక్ ఒకప్పుడు ఆ కంపెనీలో భాగమే. ఈ ఫ్రిజ్‌కి కావలసింది వేడి, అంతే. అది ప్రొపేన్ మంట నుంచి రావచ్చు, 120 వోల్టుల హీటర్ నుంచి రావచ్చు, కొన్ని మోడళ్లలో 12 వోల్టుల హీటర్ నుంచీ రావచ్చు.

ప్రొపేన్ మీద నడుపుతూ వెళ్తే

దీని వైపు చెప్పుకోవాల్సినవి చెప్పుకుందాం. చల్లదనం తగ్గదు, బ్యాటరీ మీద భారం పడదు. ఖర్చు కూడా నామమాత్రం. మంట గంటకు సుమారు 1,500 బీటీయూలు (బీటీయూ అంటే వేడిని కొలిచే ప్రమాణం) తింటుందనుకుంటే ఆరు గంటలకు 9,000. ఒక గ్యాలన్ ప్రొపేన్‌లో 91,500 బీటీయూల దాకా ఉంటాయి కాబట్టి గ్యాలన్‌లో పదో వంతు కూడా ఖర్చవదు. బండి కదులుతుంటే గొట్టాల్లోని ద్రవం ఒకచోట నిలిచిపోదు కనుక కుదుపుల వల్ల ఫ్రిజ్‌కి నష్టమూ లేదు. నష్టమల్లా వాలుగా ఉన్న చోట బండి ఆపి, మంట ఆర్పకుండా గంటల తరబడి వదిలేస్తేనే. పక్కలకు 3 డిగ్రీలు, ముందువెనకలకు 6 డిగ్రీలు మించి వాలిందంటే ద్రవం కిందికి తిరిగి రాక, బాయిలర్ గొట్టం మరీ వేడెక్కుతుంది. లోపల తుప్పు పట్టకుండా కలిపిన సోడియం క్రోమేట్ గట్టిపడి గొట్టం మూసుకుపోతుంది. ఆ ఫ్రిజ్ ఇక బాగుపడదు.

దేశమంతటికీ వర్తించేలా దీన్ని నిషేధించిన ఫెడరల్ చట్టం అమెరికాలో లేదు. ఏళ్ల తరబడి ఇలాగే నడిపేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. అయినా నేను వద్దంటున్నానంటే కారణం గ్యాస్ స్టేషన్, అంటే పెట్రోల్ బంకు.

బండి పక్కన, బయటి వైపు, ఫ్రిజ్ వెనక భాగానికి ఒక గాలిజాలీ తలుపు ఉంటుంది. దాన్ని తీసి చూడండి. రేకు డబ్బాలో వేలెడంత బర్నర్, దాని మీద నీలం మంట, పక్కనే నిప్పురవ్వ కొట్టే ఇగ్నైటర్ కనిపిస్తాయి. గాలికి మంట ఆరిపోతే ఆ ఇగ్నైటర్ టక్ టక్‌మంటూ తనంతట తానే మళ్లీ వెలిగిస్తుంది. ఇప్పుడు అదే బండి పెట్రోల్ పంపు పక్కన ఆగి ఉందనుకోండి. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు, నేల వెంబడే పాకుతుంది. ఆ జాలీ ఉండేదీ కిందే. అందుకే పెట్రోల్ గానీ ప్రొపేన్ గానీ పోయించుకునే ముందు మంటలూ ఇగ్నైటర్లూ అన్నీ ఆపేయాలని ఆర్వీల మీద హెచ్చరిక అంటించి ఉంటుంది. ఆపాలని అందరికీ తెలుసు. పిల్లలు బాత్రూం అంటూ ఏడుస్తుంటే, వెనక నుంచి ఇంకో బండి హారన్ కొడుతుంటే గుర్తుండదు.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. ఫ్రిజ్ ఆటో మోడ్‌లో ఉంటే, పొద్దున క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటు వైరు పీకిన మరుక్షణం అది తనంతట తాను ప్రొపేన్‌కి మారిపోతుంది. "మేం గ్యాస్ వాడట్లేదండీ" అని నమ్మకంగా చెప్పేవాళ్ల బండిలోనే మంట వెలుగుతూ ఉండొచ్చు. కాబట్టి ఫ్రిజ్ బటన్ నొక్కి ఊరుకోకుండా, వాల్వ్ దగ్గరే కట్టేయాలి.

టైరు పగిలినప్పుడు మరో ప్రమాదం ఉంది. ఊడిన రబ్బరు ముక్క చక్రంతో పాటు తిరుగుతూ బండి కింది భాగాన్ని చీల్చేస్తుంది. ప్రొపేన్ గొట్టం వెళ్లేదీ ఆ కిందే. గ్యాస్ ఒక్కసారిగా ఎక్కువ పారితే ఆపేసే పరికరం సిలిండర్ దగ్గర ఉంటుంది. సన్నటి పగులులోంచి కొంచెం కొంచెంగా కారితే మాత్రం దానికి తెలియదు. వాల్వ్ కట్టేసి ఉంటే గొట్టం తెగినా బయటికొచ్చేది గొట్టంలో మిగిలిన కాస్త గ్యాసే.

ఇక సొరంగాలు. న్యూజెర్సీ నుంచి వాషింగ్టన్ డీసీ వైపు ఐ-95 హైవే మీద వెళ్లే మనవాళ్లకి ఇది సూటిగా తగులుతుంది. బాల్టిమోర్‌లో ఫోర్ట్ మెక్‌హెన్రీ సొరంగంలోకి గానీ, ఐ-895 మీదున్న హార్బర్ సొరంగంలోకి గానీ 10 పౌండ్లకు మించిన ప్రొపేన్ సిలిండర్‌తో వెళ్లకూడదు. ఆర్వీ సిలిండర్లు మామూలుగా 20, 30 పౌండ్లవి. వాల్వ్ కట్టేసినా లోపలికి రానివ్వరు. ఇదివరకు ఐ-695 తూర్పు వైపు కీ బ్రిడ్జి మీదుగా చుట్టి వెళ్లేవారు. 2024 మార్చి 26న ఓడ గుద్దుకుని ఆ వంతెన కూలిపోయాక పడమటి వైపు ఐ-695 మీదుగా చుట్టి వెళ్లాల్సి వస్తోంది. వర్జీనియాలో చెసపీక్ బే బ్రిడ్జి-టనెల్‌లో ఆర్వీ ప్రొపేన్‌ని పరిమితి మేరకు రానిస్తారు గానీ వాల్వ్ కట్టేసి ఉండాలి.

ఆపేసి వెళ్తే

చాలామంది భయపడేది కూర పాడవుతుందనే. కరెంటు పోయినా తలుపు తెరవకుండా ఉంచితే ఫ్రిజ్ సుమారు 4 గంటలు చల్లగా ఉంటుందని అమెరికా వ్యవసాయ శాఖ ఇళ్లకు చెప్పే లెక్క. నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం ఉంటే 24 గంటలు ఆగుతుంది. ఆర్వీ ఫ్రిజ్ చిన్నది, ఎండలో నిలబడే గోడకి ఆనుకుని ఉంటుంది కాబట్టి ఆ లెక్కని పూర్తిగా నమ్ముకోకూడదు. అయితే దాన్ని మన వైపు తిప్పుకునే ఉపాయాలు ఉన్నాయి.

అన్నిటికంటే ముఖ్యం ముందు రోజే చల్లబరచడం. అబ్సార్ప్షన్ ఫ్రిజ్ నిదానంగా పని చేస్తుంది, వేడిగా ఉన్న పెట్టె చల్లబడడానికి ఎనిమిది పన్నెండు గంటలు పడుతుంది. బండి ముందు రోజు చేతికొస్తే ఇంటి బయటి ప్లగ్‌కి అడాప్టర్‌తో తగిలించి రాత్రంతా నడపండి. ఫ్రిజ్ ఒక్కటే అయితే మూడు ఆంపియర్లకు అటూ ఇటూ లాగుతుంది, మామూలు ప్లగ్ చాలు. బండి మధ్యాహ్నం ఇస్తే మాత్రం ఆ రోజుకి ఐస్ బాక్స్ తప్పదు. ఫ్రిజ్‌లో పెట్టేవన్నీ ఇంటి ఫ్రిజ్‌లో చల్లబడినవే అయి ఉండాలి. వేడి పప్పు గిన్నె ఒక్కటి పెట్టారంటే చుట్టూ ఉన్న పెరుగు కూడా పులిసిపోతుంది. నీళ్ల సీసాలు రెండు మూడు ఇంట్లోనే గడ్డ కట్టించి తెచ్చుకుని, బయల్దేరే ముందు పై అరలో పెట్టండి. దారిలో తాగే నీళ్లు, పిల్లల జ్యూసు వేరే ఐస్ బాక్స్‌లో ఉంచితే ఫ్రిజ్ తలుపు తీసే పనే ఉండదు.

లోపల ఒక థర్మామీటర్ వేలాడదీయండి. 40 డిగ్రీల ఫారన్‌హీట్ లోపల ఉన్నంత సేపు దిగులు లేదు. అది దాటి రెండు గంటలైతే మాంసం, పాలు, వండిన కూరలు పారేయాల్సిందే. పచ్చళ్లకి ఏమీ కాదు, ఆవకాయకి ఫ్రిజ్ అవసరమే లేదు. దోసెపిండి పొంగుతుంది కాబట్టి డబ్బాలో సగమే నింపాలి.

బ్యాటరీ మీద నడిపితే

ఇందులో మూడు దారులున్నాయి. మూడూ ఒకటి కావు.

త్రీ-వే ఫ్రిజ్‌లో (ప్రొపేన్, 120 వోల్టులు, 12 వోల్టులు మూడింటి మీదా నడిచేది) ఉండే 12 వోల్టుల హీటర్ ఉన్న చల్లదనాన్ని నిలబెడుతుంది, కొత్తగా చల్లబరచడం దాని వల్ల కాదు. మోటర్‌హోమ్‌లో, అంటే సొంత ఇంజిన్ ఉన్న ఆర్వీలో, ఇంజిన్ నడుస్తున్నంత సేపు ఇది మంచి మార్గమే. భోజనానికి ఆగినప్పుడు ఆపడం మరిచిపోతే బ్యాటరీ ఖాళీ అవుతుంది.

ఇన్వర్టర్ పెట్టి 120 వోల్టుల హీటర్‌ని నడపడం రెండోది. లెక్క వేసి చూడండి. 325 వాట్ల హీటర్‌కి ఇన్వర్టర్ నష్టం కూడా కలిపితే బ్యాటరీ నుంచి 30 ఆంపియర్ల దాకా లాగుతుంది. వెనక లాగే ట్రైలర్ అయితే ఏడు పిన్నుల ప్లగ్‌లోని సన్నటి తీగ గుండా వచ్చేది పది ఆంపియర్లు అంటే గొప్ప. మిగిలిన ఇరవై బ్యాటరీయే ఇవ్వాలి. వంద ఆంపియర్-అవర్ లెడ్ బ్యాటరీ రెండున్నర గంటల్లో సగానికి పడిపోతుంది, అంతకు మించి వాడితే దాని ఆయుష్షు తగ్గుతుంది. లిథియం బ్యాటరీలు, పైన సోలార్ పలకలు ఉన్నవాళ్లకే ఇది కుదురుతుంది.

మూడోది 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్. కొత్త ఆర్వీల్లో ఇప్పుడు ఎక్కువగా వస్తున్నది ఇదే. నడుస్తున్నప్పుడు ఐదు నుంచి ఎనిమిది ఆంపియర్లు తీసుకుని, మధ్యమధ్యలో ఆగుతుంది. త్వరగా చల్లబడుతుంది, వాలును పట్టించుకోదు, అరిజోనా ఎండలో కూడా తట్టుకుంటుంది. మంట లేదు కాబట్టి గ్యాస్ స్టేషన్ భయమూ లేదు. కరెంటు లేని క్యాంప్‌గ్రౌండ్‌లో మూడు రోజులు ఉండాలంటే మాత్రం బ్యాటరీ గట్టిది కావాలి. అక్కడ ప్రొపేన్ ఫ్రిజ్‌దే పైచేయి, 20 పౌండ్ల సిలిండర్ ఒక్క ఫ్రిజ్‌కే అయితే పది రోజులు పైనే వస్తుంది. అద్దెకు తీసుకునేటప్పుడు "ఫ్రిజ్ కంప్రెసర్‌దా, గ్యాస్‌దా?" అని అడగండి. రోజూ ఎనిమిది గంటలు నడిపే ప్రయాణమైతే కంప్రెసర్ ఉన్న బండికి కాస్త ఎక్కువిచ్చినా నష్టం లేదు.

అది దొరకక, గ్యాస్ ఫ్రిజ్‌తో నూరు డిగ్రీల ఎండలో రోజంతా నడపక తప్పకపోతే? అప్పుడు ప్రొపేన్ మీద నడపడాన్ని నేను తప్పుపట్టను. పెట్రోల్ కోసం హైవే దిగగానే రోడ్డు పక్క ఎక్కడైనా ఆగి వాల్వ్ కట్టేయాలి, పోయించుకుని దూరం వచ్చాకే మళ్లీ తెరవాలి. ఆ పని డ్రైవర్‌కి కాక పక్కన కూర్చున్న పెద్దమనిషికి అప్పజెప్పండి. ఇంకో మాట. 5,500 అడుగుల ఎత్తు దాటితే గాలి పలచబడి మంట సరిగా నిలవదు, చల్లదనం తగ్గుతుంది. ఎల్లోస్టోన్ సరస్సు 7,700 అడుగుల పైన ఉంది. ఆ పార్కులో కరెంటు తగిలించుకునే చోటు ఫిషింగ్ బ్రిడ్జి ఆర్వీ పార్కు ఒక్కటే, ముందే బుక్ చేసుకోవాలి.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు వెంట ఉండి, ఇన్సులిన్ వాడుతుంటే దాన్ని వీటిలో దేనికీ వదలకండి. తెరవని ఇన్సులిన్ 36 నుంచి 46 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య ఉండాలి. ఆర్వీ ఫ్రిజ్‌లో వెనక లోహపు రెక్కలకి తగిలితే గడ్డ కడుతుంది, గడ్డ కట్టిన ఇన్సులిన్ ఇక పనికిరాదు. విడిగా చిన్న ఇన్సులేటెడ్ సంచిలో, ఐస్ ప్యాక్‌కి తగలకుండా గుడ్డ చుట్టి, మీ కాళ్ల దగ్గర పెట్టుకోండి. వాడుతున్న పెన్ను అయితే 86 డిగ్రీలు దాటనంత వరకు ఫ్రిజ్ అక్కర్లేదు. చాలా రకాలు అలా 28 రోజులు ఉంటాయి. ఆపిన బండి లోపల మాత్రం ఎండాకాలం ఎప్పుడూ వదలకూడదు, దిగేటప్పుడు చేతి సంచిలో వెంట తీసుకెళ్లాలి.